మెదడూ ఆవకాయ జాడీయే

మా బాబాయికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ గురించి చెప్పబోయాను. "రిటైరై ఆరేళ్లయింది, నాకేం స్ట్రెస్‌రా?" అన్నాడు. అబ్బా, ఈ పేరు పెట్టినవాళ్లని అనాలి! స్ట్రెస్ బాబాయికి కాదు, బాబాయి కణాలకి. అంటే, ఆక్సిజన్ వల్ల కణాలకి తగిలే దెబ్బ.

(జాడీ మూత తీస్తూ) ఇది మా అమ్మ పోయిన వేసవిలో పెట్టిన ఆవకాయ. వాసన చూశాను, బ్రహ్మాండంగా ఉంది. అదే సంక్రాంతి చెక్కలైతే? నెలన్నరకే డబ్బా అడుగున పాత నూనె కంపు. గాలి తగిలితే నూనె ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. నువ్వుల నూనెలో ఉండే సెసమాల్ లాంటివి ఆ పాడవడాన్ని ఆలస్యం చేస్తాయి. పచ్చడికి మనవాళ్లు అదే పోసేది ఊరికే కాదు.

ఇప్పుడు మెదడు. తడి తీసేస్తే అందులో సగానికి పైగా కొవ్వే. ఒంటి బరువులో 2 శాతం ఉండి, ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే లాగేస్తుంది. నిండా నూనె, పైగా రాత్రీపగలూ మూత తీసే ఉన్న జాడీ! వయసులో ఉండగా కణాలు సొంతంగా కాపలా కాసుకుంటాయి. ముసలితనంలో ఆ కాపలా సడలుతుంది.

1999లో బోస్టన్‌లో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ జోసెఫ్ బృందం 19 నెలల ముసలి ఎలుకలకి 8 వారాలు మేతలో బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ, పాలకూర కలిపి పెట్టింది, ఒక్కో గుంపుకి ఒక్కోటి. సెసమాల్ లాగే పాడవడాన్ని ఆపేవి వీటిలోనూ ఉంటాయి. జ్ఞాపకశక్తి మెరుగుపడింది. బ్లూబెర్రీ తిన్నవైతే సన్న కడ్డీ మీద కూడా మెరుగ్గా నడిచాయి. ఇక చూస్కోండి, ఎక్కడ విన్నా బ్లూబెర్రీయే. ఆ డబ్బా ధరెంతో తెలుసా? పాలకూర కట్ట పేరెత్తినవాడు లేడు.

"అయితే విటమిన్-ఇ గోళీ వేసుకుంటా" అన్నాడు బాబాయి. అదీ సెసమాల్ చేసే పనే చేస్తుంది, నిజమే. కానీ సెసమాల్ చుక్క వేస్తే చెక్కలు ఆవకాయ అవుతాయా? మతిమరుపు మొదలైనవాళ్లకి విటమిన్-ఇ ఇచ్చి మూడేళ్లు చూశారు, అల్జీమర్స్ ఆగలేదు. అది 2005 మాట. ఆకుకూరలు, గింజలు, బెర్రీలు ఎక్కువుండే మైండ్ డైట్‌ని 604 మంది మీద పరీక్షించిన ఫలితం 2023లో వచ్చింది. మూడేళ్లకి, మామూలు తిండితో బరువు తగ్గించుకున్నవాళ్లకీ వీళ్లకీ మెదడు చురుకులో పెద్ద తేడా లేదు. మూడేళ్లు చాలవేమో అని నా అనుమానం.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. "మేం పుట్టు శాకాహారులం" అనకండి. తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, అప్పడం కూడా శాకాహారమే! ఇంకోటి, మొక్కల్లో బి12 ఉండదు. అది తగ్గినా మతిమరుపు వస్తుంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. పాలు, పెరుగు కూడా మానేసినవాళ్లు బి12 మాత్ర వేసుకోవాల్సిందే.

బాబాయి పొద్దున్నే బి12 పరీక్షకి రక్తం ఇచ్చొచ్చాడు. రిపోర్టు రేపు.