వెనక వరసలోంచి వచ్చిన ప్రశ్న

అందరికీ నమస్కారమండి. అంబాజీపేటలో మైకు పట్టుకోవాలంటే నాకు కొంచెం భయమే. కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి లోపల కురిడీయో కుళ్ళో చెప్పేసే ఊరిది, ఇంక మనిషి మాటని వదులుతారా?

నన్ను పిలిచిన కుర్రాళ్ళ బాధ ఏమిటంటే, గుళ్ళో వారానికోసారి నాలుగు మంచి మాటలు చెబుదామని మొదలుపెట్టారు, మొదటి వారమే ఎవరో లేచి తప్పుబట్టారు, రెండో వారం టెన్షన్‌తో నోరు పెగల్లేదు. నేను తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగి పురాణం చెప్పడం ఉద్యోగంలో ఉండగానే అలవాటైంది. ఇన్నేళ్ళలో చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ గుర్తులేరు గానీ, నిలదీసినవాళ్ళు మాత్రం ఎక్కడ కూర్చున్నారో కూడా గుర్తున్నారు.

ఒకసారి మయసభ ఘట్టం చెబుతున్నాను. దుర్యోధనుడు నీళ్ళలో పడ్డాడు, పైనుంచి ద్రౌపది పకపకా నవ్వి "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అంది, ఆ నవ్వే పద్దెనిమిది అక్షౌహిణుల్ని మింగేసింది అని గొంతు పెంచి చెప్పాను, జనం కూడా ఆహా అన్నారు. అయిపోయాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "మాస్టారూ, ద్రౌపది ఆ మాట అన్నట్టు ఏ పర్వంలో ఉందండి?" అంది. "సభాపర్వంలోనేనమ్మా" అని ఠక్కున చెప్పేసి ఇంటికొచ్చాను. పుస్తకం తీస్తే ఉంటే కదా! వ్యాసుడి దగ్గర భీముడు నవ్వాడు, నౌకర్లు నవ్వారు. ద్రౌపది ఆడవాళ్ళతో కలిసి నవ్విందని తర్వాత దుర్యోధనుడు తండ్రి దగ్గర ఏడుస్తూ చెప్పుకుంటాడు, అంతే. గుడ్డివాడి కొడుకన్న మాట ఆవిడ నోట లేనే లేదు. ఎక్కడో విన్నది, చూసింది నా నాలిక మీద పాతుకుపోయింది. ఇన్నాళ్ళూ నేను ఒక ఆడమనిషి నవ్వు మీద కురుక్షేత్రం మొత్తం ఎత్తి పెట్టేశానన్నమాట. ఆ పిల్ల అడక్కపోతే ఇంకో పది ఊళ్ళలో పెట్టేవాణ్ణి.

మరుసటి వారం మైకులోనే తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. దానికి మా పెద్దాయనొకరికి కోపం వచ్చింది, చిన్నపిల్ల ముందు దిగిపోతే పురాణం చెప్పేవాడి పరువేం కావాలయ్యా అని. నాకు వెంటనే జవాబు తోచలేదు, ఇంటికెళ్ళాక తోచింది (మంచి జవాబులన్నీ ఇంటికెళ్ళాకే తోస్తాయి). ఇక్కడికి దగ్గర్లోనే నందంపూడి ఉంది కదా, రాజరాజనరేంద్రుడు ఆ ఊరిని ఎవరికిచ్చాడు? నారాయణభట్టుకి. ఆ శాసనం రాసిందెవరు? నన్నయ. భారతం తెలుగు చేసేటప్పుడు, యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు నాకు నారాయణభట్టు తోడున్నాడని ఆదికవే చెప్పుకున్నాడు. అంతటివాడు నేనొక్కణ్ణే చేశాననలేదు, మనమెంతండీ.

అలాగని అన్న ప్రతి మాటా నెత్తిన పెట్టుకోమనడం లేదు. గంట ప్రసంగంలో ఇరవై సెకన్లు ఫోన్లో కత్తిరించి తిప్పేవాడికి జవాబు చెప్పుకుంటూ కూర్చుంటే జీవితం సరిపోదు. నా లెక్కొకటే, అన్నవాడు నేను చెప్పింది విన్నాడా లేదా? వింటే తిట్టినా సరే, కూర్చోబెట్టి మాట్లాడతాను. కృష్ణుడంతటివాడు గీతంతా చెప్పి పద్దెనిమిదో అధ్యాయంలో "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అన్నాడు, పూర్తిగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమని. మనం మాత్రం ఎదుటివాడు "అయితే ఏంటి" అనగానే మొహం మాడ్చుకుంటాం.

ఇంట్లో మా ఆవిడ విమర్శ వేరు. "చెప్పింది బాగానే ఉంది గానీ, కళ్ళంలో ధాన్యం పెట్టుకుని వచ్చినవాళ్ళకి మబ్బు పట్టినప్పుడు గంటన్నర చెబుతారా ఎవరైనా?" అంది. అప్పట్నుంచి కోతల రోజుల్లో నలభై నిమిషాలే.

ఇంకొకటుంది, అది ఇంత తేలిగ్గా చెప్పలేను.

1996 నవంబరు 6 తుపాను మీలో పెద్దవాళ్ళకి నేను గుర్తు చెయ్యక్కర్లేదు. కొబ్బరి తోటలు నేలకి పరుచుకుపోయాయి, వేటకెళ్ళిన బోట్లు ఎన్నో తిరిగి రాలేదు. తర్వాతి ఏడు కాట్రేనికోన అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో రామాలయం దగ్గర చెప్పమన్నారు. వయసు వేడి, ఓదారుద్దామనే అనుకున్నాను. ఎవరి కర్మ వారు అనుభవించాల్సిందే, పూర్వజన్మలో చేసుకున్నది ఊరికే పోదు అని శ్లోకాలతో సహా దంచాను. వెనక వరసలో చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ లేచింది. అరవలేదు. "పంతులుగారూ, ఆ రోజు మా పల్లెలోంచి వేటకెళ్ళినోళ్ళందరూ కలిసి ఒకే పాపం చేశారంటారా? పద్నాలుగేళ్ళ కుర్రోడు కూడానా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. కమిటీ వాళ్ళు కూర్చోమంటే ఆవిడ కూర్చోలేదు, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను మంగళం పాడేశాను. ఆ రాత్రి బస్సులో ఒళ్ళో పుస్తకం బరువుగా ఉంది. కర్మ సిద్ధాంతం తప్పని నేనిప్పటికీ అనను. నేను చెప్పిన చోటు తప్పు, చెప్పిన మనిషి తప్పు. మన మీద మనం చూసుకోవాల్సిన అద్దాన్ని తీసుకెళ్ళి ఏడుస్తున్నవాళ్ళ మొహాన పెట్టాను.

రెండేళ్ళకి మళ్ళీ అదే పల్లెవాళ్ళు పిలిచారు. ఈసారి స్త్రీపర్వం ఎత్తుకున్నాను. గాంధారి యుద్ధభూమిలో ఒక్కొక్క కొడుకునీ వెతుక్కుంటూ ఏడవడం, చివరికి కృష్ణుణ్ణే శపించడం, ఆ శాపాన్ని కృష్ణుడు కాదనకపోవడం చెప్పాను. తర్వాత ఆవిణ్ణి ఆయన కూడా రెండు మాటలన్నాడు, అది దాచలేదు. అర్థాలేవీ చెప్పలేదు, కథే చెప్పాను.

అయిపోయాక ఆవిడ గంపతోనే వచ్చి నిలబడింది. "ఆయమ్మకి ఎంతమందన్నారు?"

"నూరుగురమ్మా."

"నాకు ఇద్దరేలెండి" అంది, చుట్టకుదురు సర్దుకుంటూ.