జంబో మజుందార్: లైసాండర్‌తో బాంబులు వేసిన పైలట్

అందరికీ నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్ అనగానే మనకు నాలుగింజన్ల లాంకాస్టర్, జర్మనీ నగరాలు గుర్తొస్తాయి. ఈరోజు నేను చెప్పబోయే మనిషి చేతికి అలాంటి విమానం రాలేదు. వచ్చింది లైసాండర్. ఒకటే ఇంజన్. రెక్క పైలట్ నెత్తిమీద ఉంటుంది, చక్రాలు లోపలికి ముడుచుకోవు. ఎంత తోలినా గంటకు 340 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సైన్యానికి తోడుగా ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో చూసి చెప్పడానికి తయారు చేసిన విమానం అది. జపాన్ ఫైటర్ వెంటపడితే దానికి తప్పించుకునే దారి ఉండదు.

1942 ఫిబ్రవరి మొదట్లో, అందరూ జంబో అని పిలిచే కరుణ్ కృష్ణ మజుందార్ నాయకత్వంలో మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ ఈ లైసాండర్లతోనే బర్మాలోని టౌంగూకు చేరింది. వాళ్లు దిగీదిగగానే జపాన్ బాంబర్లు ఆ విమానాశ్రయం మీద పడ్డాయి. మజుందార్ ఊరుకోలేదు. దాడులు సరిహద్దు అవతల, థాయిలాండ్‌లోని మే హాంగ్ సోన్ స్థావరం వైపు నుంచి వస్తున్నాయని తెలిసి, మర్నాడే బదులు తీర్చుకోవాలనుకున్నాడు. అప్పట్లో ‘హవాయీ సిపాయిలు’, అంటే గాలి సిపాయిలు, అని పిలిచే మన నేల సిబ్బంది లైసాండర్‌కు 250 పౌండ్ల బాంబులు రెండు తగిలించారు. పైలట్ ఒకడు, వెనక గన్నర్ ఒకడు. తోడుగా రెండు బఫెలో ఫైటర్లు మాత్రం వెళ్లాయి. చెట్ల కొమ్మలు తగిలేంత కిందుగా కొండలు దాటి వెళ్లి, విమానాల షెడ్డు మీదే బాంబులు వేసి వచ్చాడు. మర్నాడు స్క్వాడ్రన్ మొత్తాన్నీ తీసుకెళ్లాడు. బాంబర్ కాని దాన్ని బాంబర్ చేసుకున్న ఈ తెగువకే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ (డీఎఫ్‌సీ) అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. ఆ యుద్ధంలో భారత వైమానిక దళానికి దక్కిన తొలి డీఎఫ్‌సీ అదే.

మరో సంగతి. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడైన ఉమేశ్ చంద్ర బెనర్జీ ఈయనకు అమ్మ వైపు తాత. తాత కాంగ్రెస్ అధ్యక్షుడు, మనవడు బ్రిటిష్ చక్రవర్తి అధికారి! అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది. దీన్ని పట్టుకుని ఆయన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మన వైమానిక దళం పుట్టిందే 1932 అక్టోబరు 8న. అసలు భారతీయులు యుద్ధ విమానాలు నడపగలరా అని అనుమానించిన అధికారులు అప్పుడు ఉన్నారు. వాళ్లకు మాటలతో జవాబు చెప్పి లాభం లేదు. మజుందార్ టౌంగూలో జవాబు చెప్పాడు.

ఆ తర్వాత ఆయన హాయిగా ఆఫీసులో కూర్చోవచ్చు. అలా చేయలేదు. హోదా తగ్గినా ఫరవాలేదని, 1944లో బ్రిటన్‌లో ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) 268 స్క్వాడ్రన్‌లో చేరి ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద ఫొటోలు తీయడానికి ఎగిరాడు. అందుకు డీఎఫ్‌సీ రెండోసారి వచ్చింది. ఆ యుద్ధంలో రెండుసార్లు డీఎఫ్‌సీ పొందిన భారత వైమానిక దళ అధికారి ఇంకెవరూ లేరు.

ఇంత చేసినవాణ్ణి శత్రువు ముట్టుకోలేకపోయాడు. దేశానికి తిరిగొచ్చి, వైమానిక దళాన్ని జనానికి చూపించే ప్రదర్శన దళంలో చేరాడు. 1945 ఫిబ్రవరి 17న లాహోర్‌లోని వాల్టన్ విమానాశ్రయం దగ్గర హరికేన్ ఫైటర్ విమానంతో విన్యాసాలు చేస్తుండగా కూలిపోయాడు. వయసు 31. బర్మా కొండల్లోనూ, ఫ్రాన్స్ మీదా ఫిరంగుల మధ్య నుంచి బతికి బయటపడ్డ మనిషి ఒక ప్రదర్శనలో పోవడం నేను ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆయనకు 33 ఏళ్లు ఉండేవి. ఈయనకు ముందు ఇదే 1వ స్క్వాడ్రన్‌ను నడిపిన సుబ్రతో ముఖర్జీ 1954లో మన వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు. ముఖర్జీ పేరు విన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆయన పక్కనే నిలబడాల్సిన మజుందార్ పేరు ఈ హాల్లో ఇంతకుముందు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి, అక్కణ్నుంచే మీ ప్రశ్నలు మొదలుపెడదాం.