కుమ్మక్కు అనే మాట

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. కుమ్మక్కు. ఉర్దూలో ‘కుమక్’ అంటే సాయం. యుద్ధంలో ఉన్న సైన్యానికి అదనంగా వచ్చి చేరే బలగాన్నీ అలాగే అంటారు. ఎంత మంచి మాట! తెలుగులో స్థిరపడేసరికి అది చాటుమాటు సాయమైంది, తప్పుడు పనికి చేసే సాయమైంది. మంచి పనికి చేయి కలిపినవాళ్లను పట్టుకుని ‘కుమ్మక్కయ్యారు’ అంటే నొచ్చుకుంటారు. మన ‘తోడు’ కూడా దొంగ పక్కన చేరి తోడుదొంగ అయింది కదా.

నేను ఎక్కువగా చూసేది ఈ మాటల ముందు వచ్చే విభక్తిని. కాంట్రాక్టరుతో కుమ్మక్కయ్యాడు అంటాం. కాంట్రాక్టరుకి వత్తాసు పలికాడు అంటాం. ‘తో’ వచ్చిందంటే ఇద్దరి మధ్యా ముందే ఒక మాట నడిచిందని అర్థం. ‘కి’కి ఆ అవసరం లేదు, అవతలివాడు అడక్కపోయినా వత్తాసు పలకొచ్చు. లాలూచీకీ ‘తో’నే, కానీ లాలూచీ ‘పడతారు’. ఆ పడటంలో, కాపలా ఉండాల్సిన మనిషే జారిపోయాడన్న బాధ వినిపిస్తుంది నాకు.

గోడౌనుకి ఎనభై బస్తాలొస్తే వంద వచ్చినట్టు బిల్లు పెట్టారనుకోండి. తెలిసే సంతకం పెట్టి వాటా తీసుకున్న స్టోర్ కీపర్‌ది కుమ్మక్కు. తర్వాత అతన్ని వెనకేసుకొచ్చిన ఆఫీసరుది వత్తాసు. అంతా చూసి నోరు మెదపని గుమాస్తాని ఏమనాలి?

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ ఇక్కడ పనికొస్తుంది. పాత శిక్షాస్మృతిలో అది 107. నేరానికి ఉసిగొల్పడం, కుట్రలో కలవడం, కావాలని సాయపడటం, మూడూ ప్రేరేపణ కిందికే వస్తాయి. చట్టప్రకారం చేయాల్సిన పనిని కావాలని మానేసి సాయపడినా అంతే. అంటే బస్తాలు లెక్కపెట్టి చెప్పడం ఆ గుమాస్తా డ్యూటీయా కాదా, ఊరుకున్నది నేరం సాగనివ్వడానికా, భయపడా అన్నది చూడాలి.

నేను పత్రికలో వార్తలు దిద్దే రోజుల్లో ఒకసారి ఇదేమీ చూడకుండా ‘సిబ్బంది కుమ్మక్కు’ అని హెడ్డింగ్ పెట్టాను. మర్నాడు ఆ సిబ్బందిలో ఒకామె ఫోన్ చేసింది. “నాకు తెలుసు సార్, భయమేసి చెప్పలేదు. కానీ నేను వాళ్లతో కలవలేదు” అంది. ‘వాళ్లతో’ అన్న చోట గొంతు పూడుకుపోయింది. సవరణ వేశాం. అప్పట్నుంచి ఎవరి వార్తలో ఈ మాట కనిపించినా, ‘ఎవరితో? ఏం మాట్లాడుకుని?’ అని అడిగాకే ఉంచుతున్నాను.