నాన్నను పొగిడే పుస్తకం కాదు, నాన్నతో కలిసి నడిచే పుస్తకం కావాలి

నమస్కారమండీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు నా ముందు బల్ల మీద ఐదు బొమ్మల పుస్తకాలున్నాయి. ఐదూ నాన్నా కూతుళ్ళవే. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవి.

తండ్రి కూతురికి ఇచ్చిన పుస్తకం అనగానే మనవాళ్ళకు నెహ్రూ ఉత్తరాలు గుర్తొస్తాయి. 1928 ఎండాకాలంలో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉంటే ఆయన అలహాబాదు నుంచి రాసినవి. మరుసటేడు పుస్తకంగా వచ్చాయి. గొప్ప పుస్తకం. కాకపోతే అది చదవడం వచ్చిన పిల్లకు, దూరాన ఉన్న నాన్న రాసింది. నేను చెప్పబోయేది ఇంకా అక్షరాలు రాని పిల్ల గురించి. ఒళ్ళో కూర్చుని, మనం పేజీ చదవకముందే తిప్పేసే పిల్ల గురించి.

ఈ పిల్లల కోసం ఇప్పుడు పుస్తకాలు చాలానే దొరుకుతున్నాయి. ఎక్కువ భాగం ఒకే రకం. మా నాన్న కొండంత బలవంతుడు, మా నాన్న నా హీరో, నేను ఆయన యువరాణిని. పేజీ పేజీకీ ఇదే మాట, చుట్టూ గులాబీ రంగు. కొనిచ్చిన రోజు అందరికీ బాగుంటుంది. పిల్ల మాత్రం దాన్ని మళ్ళీ చదవమని అడగదు. ఎందుకు అడగాలి? అందులో ఏమీ జరగదు కదా. నాన్న ఎక్కడికీ పోడు, ఏదీ పోగొట్టుకోడు, ఏ పనిలోనూ తడబడడు. పక్కనున్న పిల్లకు చేయడానికి ఏమీ ఉండదు. నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్తాను. నాన్నా కూతుళ్ళ పుస్తకంలో ప్రేమ అనే మాట అక్కర్లేదు. ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి ఉంటే చాలు.

అదెట్టాగో ఈ మొదటి పుస్తకంలో చూడండి. పేరు ఔల్ మూన్. రాసింది జేన్ యోలెన్, బొమ్మలు జాన్ షోన్‌హెర్. 1987లో వచ్చింది. మరుసటేడు కాల్డెకాట్ మెడల్ ఇచ్చారు, అంటే అమెరికాలో బొమ్మల పుస్తకానికి దక్కే పెద్ద గౌరవం. కథ ఏంది? చలికాలం రాత్రి, అంతా మంచు, నిండు వెన్నెల. పిల్లలు పడుకునే వేళ దాటిపోయాక ఒక నాన్న కూతుర్ని తీసుకుని అడవి దారిన గుడ్లగూబను చూడటానికి పోతాడు. అంతే కథ.

కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. పేజీలో సగానికి సగం తెల్లగా వదిలేశాడు బొమ్మలాయన. మనుషులిద్దరూ అంత చిన్నగా ఉన్నారు. నాన్న గుడ్లగూబలాగా కూత పెడతాడు, బదులు రాదు. ఆ పిల్ల ఏమీ అనదు. ఒక్కోసారి గుడ్లగూబ కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు అని అన్నలు ముందే చెప్పి ఉంటారు. ఇంకొంచెం దూరం నడుస్తారు. చలికి బుగ్గలు మండుతున్నా మాట్లాడకూడదు, అది ఆ పనిలో నియమం. నాన్న మళ్ళీ కూస్తాడు. ఈసారి దూరం నుంచి బదులొస్తుంది. తర్వాత పేజీ తిప్పితే, ఇదిగో, కాగితం నిండా గుడ్లగూబ!

ఈ పుస్తకంలో నాన్న కూతుర్ని ఎక్కడా మెచ్చుకోడు, ముద్దు పెట్టడు. తనకు ఇష్టమైన పనికి ఆ పిల్లను తోడు తీసుకుపోయాడు, నువ్వు ఓపిక పట్టగలవని నమ్మాడు. అంతకన్నా గౌరవం ఏముంటుంది చెప్పండి ఒక చిన్నపిల్లకు? రచయిత్రి ఇంట్లో వాళ్ళాయన నిజంగానే పిల్లల్ని ఇట్టా రాత్రిపూట తీసుకుపోయేవారు. అందుకే ఆ చలి, ఆ నడక అంత నిజంగా ఉంటాయి.

మన ఇళ్ళలో గుడ్లగూబ అపశకునమని పెద్దవాళ్ళు భయపెడతారు. ఒక పిల్ల దాని కోసం ఎదురుచూసే కథ చదివితే ఆ భయం కాస్త తగ్గినా మంచిదే. మంచు అంటే తెలియని మన పిల్లలకు ఇది ఎట్టా అర్థమవుతుందని అనుకోవద్దు. నేలపట్టు ఉంది కదా, దొరవారిసత్రం దగ్గర. 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందు నెల్లూరు జిల్లాదే. చలికాలంలో గూడబాతులు చెరువులో చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచే చోటు. ఈ పుస్తకం చదివి వినిపించి, అమ్మాయిని బండి మీద కూర్చోబెట్టుకుని పొద్దున్నే అక్కడికి పోండి. అరవకుండా నిలబడటం ఏందో ఆ పిల్లే మీకు చెప్తుంది.

రెండోది ఎరిక్ కార్ల్ పుస్తకం, పాపా ప్లీజ్ గెట్ ది మూన్ ఫర్ మీ. ఇక్కడ పాపా అంటే నాన్న. 1986 నాటిది. మోనికా అనే పాప చందమామ కావాలంటుంది, నాన్న పొడుగాటి నిచ్చెన తెస్తాడు. ఈ నిచ్చెన పేజీ మడత విప్పితే పక్కకు ఇంత పొడుగు వస్తుంది. ఇంకో పేజీ పైకి విప్పాలి. చందమామ పేజీ అయితే రెండు చేతులూ పట్టవు. చందమామేమో నేను చాలా పెద్దగా ఉన్నాను, రోజూ తగ్గుతాను, సరిపోయినప్పుడు తీసుకుపో అంటుంది. నాన్న ఆగుతాడు. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. ఇక్కడ ఆ పని నాన్న చేతికి వచ్చింది. మూడేళ్ళ పాపకు కొనాలంటే ఐదింటిలో నేను ముందు చెప్పేది ఇదే.

మూడోది మో విలెమ్స్ రాసి, బొమ్మలు వేసిన నఫుల్ బన్నీ, 2004. నాన్న బట్టలు ఉతికించడానికి పాపను వెంటబెట్టుకుని పోతాడు. పాప కుందేలు బొమ్మ బట్టల మెషిన్లో పడిపోతుంది. పాపకు ఇంకా మాటలు రాలేదు. ఏడుస్తుంది, కాళ్ళూ చేతులూ వదిలేసి జారిపోతుంది, నాన్నకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంటికొచ్చాక అమ్మ ఒక్క చూపులో కనిపెట్టి బొమ్మేదని అడుగుతుంది. అందరూ పరుగు! ఇందులో నాన్న మంచివాడే, శ్రద్ధగా వినలేదంతే. ఆ వినకపోవడం దాచకుండా చూపించినందుకే నాకు ఈ పుస్తకం ఇష్టం. ఇంకో సంగతి చూడండి, వెనక వీధులన్నీ లేత గోధుమ ఛాయలో ఉన్న ఫొటోలు, బ్రూక్లిన్‌వి. వాటి మీద మనుషుల్ని గీసి రంగులేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, దీంతో మనకు పని ఉంది.

నాలుగోది హెయిర్ లవ్, 2019. మాథ్యూ చెర్రీ రాశారు, బొమ్మలు వష్టి హారిసన్. ఇదే కథ చిన్న యానిమేషన్ సినిమాగా వచ్చి 2020లో ఆస్కార్ తెచ్చుకుంది. అమ్మ ఇంట్లో లేదు, ఆరోజు తిరిగొస్తోంది. ఉంగరాలు తిరిగిన ఒత్తు జుట్టున్న కూతురికి తల దువ్వాలి. నాన్నకు రాదు. ఒక రకం వేస్తాడు, కుదరదు. ఇంకోటి వేస్తాడు, పిల్లకు నచ్చదు.

ఈ పుస్తకం దగ్గర కాసేపు ఆగుతాను. మన ఊళ్ళలో బడికి పోయే ఆడపిల్లకు రెండు జడలు, మడిచి రిబ్బన్లు. తెల్లారి లేచి నూనె రాయాలి, చిక్కు తీయాలి, పాపిట తిన్నగా తీయాలి, మూడు పాయలూ బిగి తప్పకుండా అల్లాలి. ఎవరు చేస్తారు? అమ్మ, లేకపోతే నాయనమ్మ. అమ్మ కాన్పుకు పోయినా, ఒంట్లో బాగలేక ఆసుపత్రిలో ఉన్నా, పక్కింటి పిన్ని దగ్గరికి పంపుతారే గానీ నాన్న దువ్వెన పట్టుకోడు. అది తన పని కాదనుకుంటాడు. వలకు ముడులు వేసే చేతులు, పొగాకు ఆకును కర్రకు వరసగా కట్టే చేతులు, వెంకటగిరిలో మగ్గం మీద జరీ ఎక్కించే చేతులు మూడు పాయల జడ వేయలేవంటే నేను నమ్మను. కూతురి జుట్టు చిక్కు నొప్పి పుట్టకుండా తీయాలంటే ఆ పిల్ల ముఖం అద్దంలో చూస్తూ ఉండాలి. ఇష్టాలూ భయాలూ చాలా ఆ పావుగంటలోనే బయటికొస్తాయి. నాన్నలందరూ ఈ పుస్తకం చదవాలి, చదివి దువ్వెన తీసుకోవాలి.

ఐదోది, మై పాపీ హ్యాజ్ ఎ మోటార్‌సైకిల్. పాపీ అంటే స్పానిష్‌లో నాన్న. ఇదీ 2019దే. ఇసబెల్ కింటెరో రాశారు, జీక్ పెన్యా బొమ్మలు. వడ్రంగి పని నుంచి వచ్చిన నాన్న కూతుర్ని బండెక్కించుకుని ఊరంతా తిప్పుతాడు. కాలిఫోర్నియాలోని కరోనా అనే ఊరు. ఇష్టమైన అంగడి మూసేసి కనిపిస్తుంది, ఊరు మారిపోతోందని పాపకు తెలుస్తుంది. మా నాయన నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సంతపేట సందులన్నీ తిప్పేవాడు. ఊరు నాకు అట్టా తెలిసింది. అందుకే ఈ పుస్తకాన్ని సరిగ్గా తూచి చెప్పడం నావల్ల కాదు, బాగుంది అని మాత్రం చెప్తాను.

ఇప్పుడు మీరు అడుగుతారు, ఇవన్నీ ఇంగ్లీషువి కదా, ఇంగ్లీషు రాని నాన్న ఎట్టా చదవాలని. చదవొద్దు. బొమ్మ చూసి మన తెలుగులో చెప్పండి. మీకు తెలుగు కూడా గబగబా చదవడం రాకపోయినా పర్వాలేదు. బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలుంటుంది, సగం కథ బొమ్మలోనే జరుగుతుంది. చదువుకున్న నాన్నలకన్నా వీళ్ళే బాగా చెప్పడం నేను చూశాను. అక్షరాల వెంట పరిగెత్తరు కాబట్టి పాప ముఖం చూస్తారు.

ఒక్క పద్ధతి పాటించండి. పేజీ తెరవగానే మీరు మాట్లాడొద్దు, పాపను అడగండి. ఏం జరుగుతోంది తల్లీ, ఇప్పుడేం చేస్తాడంటావు? పాప ఒక్క మాట చెప్తే దానికి రెండు మాటలు కలిపి తిరిగి చెప్పండి. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడూ ఆయనతో పనిచేసినవాళ్ళూ 1988లో ఇదే చూపించారు. నెలపాటు తల్లిదండ్రులు ఇట్టా అడుగుతూ చదివితే, ఊరికే చదివి వినిపించిన పిల్లలకన్నా వీళ్ళ మాటలు ముందుకు పోయాయి. రెండు మూడేళ్ళ పిల్లల మీద చేసిన పరిశోధన అది.

తెలుగులో కావాలంటే దారులున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని వెబ్‌సైటు పెట్టారు, అందులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. చెన్నైలో తూలిక వాళ్ళు ఒకే పేజీలో ఇంగ్లీషూ తెలుగూ ఉన్న పుస్తకాలు వేస్తారు. హైదరాబాదులో మంచి పుస్తకం వాళ్ళున్నారు. ఇవి చూడండి.

కానీ నాకు ఒక ఆకలి ఉంది. మన నాన్నలు ఈ పుస్తకాల్లో ఏరీ?

జువ్వలదిన్నెలో, మైపాడులో, కొత్తపట్నంలో మరబోట్ల మీద వేటకు పోయే నాన్నలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజుల నిషేధం. ఆ ఇళ్ళలో డబ్బుకు కటకటే, అది తక్కువ చేసి చెప్పను. అయితే దాదాపు అదే సమయంలో బడికి ఎండాకాలం సెలవులు. నాన్న ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తుంటాడు, కూతురు పక్కనే ఉంటుంది. ఏడాదిలో ఇంకెప్పుడూ అన్ని రోజులు ఇద్దరూ ఒకచోట ఉండరు. ఇది 32 పేజీలకు సరిపోయే కథ కాదా?

రొయ్యల గుంటల నాన్న ఉన్నాడు. తెల్లారకముందు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, అందుకని రాత్రంతా నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే పరుగెత్తాలి. ఒక రాత్రి కూతురు కూడా వస్తానంటుంది. గట్టు మీద టార్చి వెలుతురులో ఇద్దరూ నడుస్తారు, నాన్న చెక్ ట్రే, అంటే మేత వేసి నీళ్ళలోకి దించిన పళ్ళెం, పైకెత్తుతాడు, మేత మిగిలిందా లేదా చూసి చెప్పాల్సింది ఆ పిల్ల. టంగుటూరు, కొండపి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు వేడి చూసుకుంటూ మేలుకునే నాన్న ఉన్నాడు. కనిగిరి, పామూరు నుంచి బేల్దారి పనికి హైదరాబాదు, బెంగుళూరు పోయిన నాన్న ఉన్నాడు. ఆయనకు ఫోనే దిక్కు. అమ్మ ఫోను పట్టుకుని పేజీలు చూపిస్తే ఆయన అక్కడినుంచి కథ చెప్పగలడు, మొదలుపెట్టండి.

ఎవరో రాసేదాకా ఆగొద్దు. ఆ బ్రూక్లిన్ ఫొటోల పుస్తకం గుర్తుందా? మీ ఫోనుతో ట్రంకు రోడ్డు తీయండి, మీ వీధి తీయండి, మీ గుంట గట్టు తీయండి. ప్రింటు తీసి, నాన్న బొమ్మ పాపతో గీయించండి, పాప బొమ్మ నాన్న గీయాలి. వంకర వచ్చినా సరే. ప్రింటు ఖర్చెందుకు అనుకుంటే మన మార్కాపురం పలక ఉండనే ఉంది. ఒక్కో బొమ్మ పలక మీద వేసి, ఫొటో తీసి, చెరిపి, తర్వాత బొమ్మ వేయండి. పాప చెప్పిన మాటను చెప్పినట్టే కింద రాయండి, దిద్దొద్దు.

నెల్లూరు, ఒంగోలు వైపు బొమ్మలు వేసేవాళ్ళు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, ఆ చెక్ ట్రే కథ మీదే, తీసుకోండి. నా పేరు వేయక్కర్లేదు. పుస్తకం అయ్యాక నాకు ఒకటి చూపించండి, ఈ బల్ల మీదే పెట్టి పేజీ పేజీ చదువుతాను. వచ్చే వీడియోలో తాతయ్యల పుస్తకాలు చూద్దాం. ఉంటానండీ.