పాఠం చెప్పే చోటే పరిశోధన

అందరికీ నమస్కారం. కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా చేరిన మీకు అభినందనలు.

మీ బయోడేటాలు ఈపాటికి డిపార్ట్‌మెంట్లకు చేరే ఉంటాయి. ఏం చదివారు, దేని మీద పరిశోధన, ఏ పేపర్లు చెబుతారు అని మూడు గళ్ళు నింపి ఉంటారు. అలా రాసీ రాసీ అవి మూడూ వేర్వేరు పనులన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. “పాఠాలకే సరిపోతోంది సార్, రీసెర్చ్‌కి టైమెక్కడిది?” అనే మాట వినపడని స్టాఫ్ రూము లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉంది. పోస్టులు ఖాళీగా ఉన్న శాఖల్లో అంతకంటే ఎక్కువే మీద పడుతుంది. ఆ భారం నిజమే. కానీ క్లాసులో గడిపిన గంట పరిశోధనకు దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారినే తీసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎమ్మే. ఆ తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలోనే పాఠం చెబుతున్నారు. మన దగ్గరున్న కొద్దిపాటి డేటాతో తెలియని విలువను అంచనా కడతాం కదా, ఆ అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్నది ఆ రోజు పాఠం. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు వర్తించే, బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఫలితాన్ని బోర్డు మీద వివరించారు. వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే ఇలాంటిది నిరూపించలేమా అని అడిగాడు. సిలబస్‌లో లేదని కూర్చోబెట్టేయవచ్చు. రావుగారు ఆ ప్రశ్నను ఇంటికి పట్టుకెళ్ళి, రాత్రి కూర్చుని నిరూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఈనాడు ప్రపంచమంతా చదువుకునే క్రామర్–రావు అసమానత. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు నిండీ నిండని వయసు, పీహెచ్‌డీ లేదు. కేంబ్రిడ్జిలో ఆ పట్టా వచ్చింది 1948లో. అడిగిన దాండేకర్ తర్వాత దేశం గర్వించే ఆర్థికవేత్త అయ్యారు. ఆ క్లాసులో ప్రశ్న అడిగే చనువు ఉంది. నన్నడిగితే అసలు సంగతి అదే.

భద్రిరాజు కృష్ణమూర్తి గారిది ఇంకో దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్స్ చదివి, 1957లో పెన్సిల్వేనియా నుంచి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు తొలి ప్రొఫెసర్. అమెరికాలో నేర్చిన పద్ధతిని ఆయన తెచ్చి పెట్టింది మన రైతుల నోటి మాటల మీద. మేడి, కర్రు, కాడి... నాగలిలో ఏ భాగాన్ని ఏ ఊళ్ళో ఏమంటారో ఊరూరా అడిగించి మాండలిక వృత్తిపదకోశం తయారు చేశారు. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడానికి ఆధారం ఆ సేకరణే. ఆ రైతుల, నేత కార్మికుల మనవలూ మనవరాళ్ళే ఈరోజు మీ ముందు బెంచీల్లో కూర్చుంటున్నారు. మీ పరిశోధన ఏదైనా, వాళ్ళకు తెలిసినది ఏమిటో ఒకసారి అడిగి చూడండి.

శాఖాధ్యక్షులు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ళకో విన్నపం. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరూ తీసుకోని పేపర్లన్నీ అంటగట్టడం మన దగ్గర మామూలైపోయింది. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి మరీ అన్యాయం. ఏళ్ళ తరబడి చెబుతున్నా తమ సొంత విషయం మీద ఒక్క పేపరు చెప్పే అవకాశం రానివాళ్ళున్నారు. ప్రతి ఒక్కరికీ, వారు పర్మనెంటా కాదా అని చూడకుండా, తాము పరిశోధన చేస్తున్న అంశం మీద కనీసం ఒక ఎలక్టివ్, అంటే విద్యార్థులు ఇష్టపడి ఎంచుకునే పేపరు, ఇవ్వండి. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ఇంకా ఖరారు కాలేదు. మధ్యాహ్నం సెషన్‌లో ముందుగా దీని గురించే మాట్లాడుకుందాం.