పంట పోతే నష్టం ఎవరి నెత్తిన? సంపన్న వర్గాలు, మన గోదావరి డెల్టా

పెద్దలకు, రైతు సోదరసోదరీమణులకు, విద్యార్థులకు నమస్కారం.

సంపన్నులు సమాజాన్ని ఎలా మలిచారని అడిగితే చాలామంది కోటలు, గుళ్లు, కాలేజీలు చూపిస్తారు. నేను ఇవాళ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తాను. పంట పోయిన ఏడాది ఆ నష్టం ఎవరు భరించాలో ముందే రాసిపెట్టింది ఎవరు? కలిగినవాళ్ల అసలు అధికారం అక్కడే ఉందని నా నమ్మకం.

సుమారు క్రీ.పూ. 1750 నాటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం తీసుకోండి. అందులో 45వ నిబంధన: భూస్వామి కౌలు ముందే పుచ్చుకున్నాక గాలివాన పంటను ముంచితే నష్టమంతా సాగు చేసినవాడిదే. 46: కౌలు ఇంకా పుచ్చుకోకపోతే, సగపాలుకో మూడోపాలుకో ఇచ్చి ఉంటే, మిగిలిన గింజలు వాటాల ప్రకారం పంచుకోవాలి. 48: అప్పున్న రైతు పంట తుపానులో పోతే ఆ ఏడు గింజ చెల్లించనక్కర్లేదు, వడ్డీ కూడా లేదు. ఈ మూడూ ఇవాళ కోనసీమలో చదివితే ఎవరికీ కొత్తగా అనిపించవు. మొదటిదాన్ని మరోసారి చూడండి. ముందుగా డబ్బు పుచ్చుకోగల స్తోమత ఉన్నవాడు గాలివాన బాధ్యత నుంచి పూర్తిగా బయటపడ్డాడు.

రోమ్‌లో ప్రభుత్వ భూమి ఒక్కొక్కరు 500 యుగెరాలకు, అంటే మన లెక్కలో 310 ఎకరాలకు మించి పెట్టుకోకూడదని క్రీ.పూ. 367లో చట్టం వచ్చిందని అక్కడి చరిత్రకారులు రాశారు. ఆ చట్టం తెచ్చినవాళ్లలో ఒకడైన లిసినియస్ స్టోలోకే క్రీ.పూ. 357లో జరిమానా పడింది. కొడుకును తన అధీనం నుంచి వేరు చేసినట్టు చూపించి, ఇద్దరి పేరా కలిపి 1000 యుగెరాలు ఉంచుకున్నాడు. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అదే పరిమితిని మళ్లీ అమలు చేయబోతే సెనేటర్లు, వాళ్ల మనుషులు పట్టపగలు కొట్టి చంపారు.

మన 1973 భూసంస్కరణల చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి పెట్టింది. రెండు పంటలు పండే మేలురకం డెల్టా భూమికి 10 ఎకరాలే. అయితే మేజరైన కొడుకు ఉండి, అతని పేర భూమి లేకపోతే పరిమితి పెంచుకునే వీలు అదే చట్టంలో ఉంది. స్టోలో దొంగతనంగా చేసిన పని ఇక్కడ చట్టబద్ధమే అయింది. మిగతాది పాత తేదీల పంపకాలు, బినామీ పేర్లు చూసుకున్నాయి.

ఇక మన ద్రాక్షారామానికి వద్దాం. భీమేశ్వరాలయంలో చాళుక్యుల, చోళుల కాలం నాటి శాసనాలు వందల్లో ఉన్నాయి. రాణులు, మంత్రులు, దండనాయకులు, వర్తకులు అఖండ దీపాలకు ఆవుల్నో గొర్రెల్నో ఇచ్చారు. మంద పశువులు కాసే బోయల చేతికి పోతుంది. వాళ్లు రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి, కొడుకులు, మనవల తరాల వరకూ. గొడ్డు చచ్చినా కొలత తగ్గదు. పుణ్యం దాతది, రాతి మీద పేరు దాతది. గొడ్లకు రోగం వస్తే ఆ భారం బోయది. ఆ రాళ్లను మనం రాజుల వంశావళి కోసమే చదవడం నాకు బాధగా ఉంటుంది.

1802లో ఈస్టిండియా కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. జమీందారు కంపెనీకి కట్టాల్సిన శిస్తు, అంటే పేష్కష్, స్థిరం. వర్షం కురిసినా కురవకపోయినా అంతే. బకాయి పడితే ఎస్టేటు వేలానికి పోతుంది. దాంతో జమీందారు గ్రామాలను గుత్తకు ఇచ్చాడు, గుత్తదారు రైతును పిండాడు, ఒత్తిడి కిందికి దిగింది. గట్లు, కాలువల మీద ఖర్చు పెట్టాలన్న ఆసక్తి ఎవరికీ లేకపోయింది. ఆపైన 1833 ప్రాంతంలో కరువు, 1839లో కోరంగి ఉప్పెన. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆ తర్వాతే ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రతిపాదన, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట.

నీరు వచ్చాక పెరిగిన విలువ ప్రధానంగా పట్టా ఉన్నవాడిని చేరింది. ఆ మిగులే తర్వాత రైసు మిల్లులైంది, తణుకులో చక్కెర కర్మాగారమైంది, పిల్లల చదువులైంది. ఇందులో మేలు లేదనను. కాకినాడ పి.ఆర్. కాలేజీకి పిఠాపురం రాజుల అండ, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి పట్టుదల తోడైనందువల్ల ఎందరో ఆది ఆంధ్ర (దళిత) విద్యార్థులు చదువుకోగలిగారు. ఆ రుణం నిజమైనది. ఆ డబ్బు రైతుల శిస్తు నుంచి వచ్చిందన్నదీ నిజమే.

ఇప్పటి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఎకరా సార్వాలో (ఖరీఫ్‌లో) 30 బస్తాలు పండుతాయని, మక్తా, అంటే పంట ఎంత వచ్చినా మారని కౌలు, 15 బస్తాలని లెక్కకు అనుకుందాం. తుపానుకు చేను పడిపోయి 10 బస్తాలే వచ్చాయి. సగపాలు పద్ధతిలో చెరి అయిదు. మక్తా పద్ధతిలో కౌలురైతు పదీ కొలిచి, ఇంకో అయిదు కొని ఇవ్వాలి. దుక్కి, ఊడ్పులు, ఎరువులకు తెచ్చిన అప్పు దీనికి అదనం. చేపల, రొయ్యల చెరువులకు ముందస్తు లీజు రొక్కంలో పుచ్చుకునే చోట హమ్మురాబి 45వ నిబంధనే నడుస్తోంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడు గిట్టుబాటు లేదన్న వాళ్ల మాట న్యాయమైనదే. కాని ఆ సార్వాలో ఊడ్పు కూలీ, కోత కూలీ పోయినవాళ్ల గురించి పెద్దగా ఎవరూ లెక్క రాయలేదు.

2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలురైతుకు 11 నెలలకు పత్రం ఇస్తారు. దానివల్ల భూమి మీద హక్కు రాదని చట్టమే చెబుతోంది. అయినా యజమాని సంతకం కావాలి కాబట్టి భయంతో పెట్టరు. పత్రం దొరికినా, అదే సర్వే నంబరు మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు కౌలుదారుకు ఇవ్వదు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో యజమాని పేరే ఎక్కితే ధాన్యం అమ్మిన డబ్బు, నష్టపరిహారం ఆయన ఖాతాకే పోయే ప్రమాదం ఉంది.

అందుకని దాళ్వా (రబీ) కౌలు మాట్లాడుకునే ముందు మూడు పనులు చేయండి. మక్తా ఎంతో, ఎప్పుడు కొలవాలో కాగితం మీద రాయండి. ఈ-పంటలో సాగు చేసేవాడి పేరు, ఆధార్, ఖాతా నంబరు సరిగా పడ్డాయో లేదో మీరే తెర మీద చూసుకోండి. ఒప్పందంలో ఈ వాక్యం చేర్చండి: "తుపాను, వరద, ముంపు వల్ల దిగుబడి అనుకున్నదానిలో సగానికి తగ్గితే మక్తా రద్దై, వచ్చిన ధాన్యం సగపాలుగా పంచుకోవాలి, దిగుబడిని ఇద్దరి సమక్షంలో కళ్లంలోనే తూచాలి." భూమి ఉన్నవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు. ఆ వాక్యం రాయమని ముందుగా మీరే అడగండి. ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుందాం.