తాత మగ్గం కర్రతో బల్ల, గోడ మీద మా ఇంటి చెర్యాల పటం: 4 నెలలు వాడినంక రివ్యూ

నమస్తే అందరికీ. పోయిన నెల షార్ట్‌ల ఈ కూసునే బల్ల ఒక్క రెండు సెకన్లు కనిపించిందో లేదో, కామెంట్లల్ల ఒకటే అడుగుడు, ఎక్కడ చేయించినవ్, ఎంత పడ్డది అని. సైజులు, రేటు అన్నీ కింద రాసిపెట్టిన, అక్కడ చూసుకోండి, వాటి మీద ఇప్పుడు టైమ్ పెట్టను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలె. ఈ పని చేసిన అక్క చెర్యాల బొమ్మలేస్తది, అంటే మా సిద్దిపేట దిక్కు చెర్యాల ఊరోళ్ళు బట్ట మీద కథలు గీసే కళ. ఆమె దసరాకి నాకు రెండు చెర్యాల మాస్కులు ఫ్రీగా పంపింది, ఛానెల్‌ల చూపించమని. కొబ్బరి చిప్ప మీద చింతగింజల అంబలి, రంపపు పొట్టు కలిపి పెట్టి, మీద రంగులేసిన చిన్న మాస్కులు, అగో వెనక గోడకి ఉన్నయి. వాటిని చూసే ఆర్డర్ ఇచ్చిన. బల్లకి, పటానికి మాత్రం పూర్తిగా నా పైసలే, సగం ముందు, సగం ఇంటికి వచ్చినంక.

ముందు బల్ల. మాది సిద్దిపేట, తాత గొల్లభామ చీరలు నేసెటోడు, నెత్తి మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ ఉంటది కదా, అదే. తాత పోయి ఆరేండ్లు. ఆయన గుంట మగ్గం, అంటే గుంటల కాళ్ళు పెట్టి కూసొని నేసే మగ్గం, విప్పి కర్రలన్నీ వెనక రేకుల కింద పడేస్తే రెండు కర్రల్ని చెదలు తినేసినయ్, మిగిలినవి నాయనమ్మ ఎవరినీ ముట్టుకోనియ్యలే. నేను అక్కకి ఫోన్‌ల ఫోటోలు పంపి వీటితోటి ఏమన్న అయితదా అని అడిగితే, ఆమె ఫోటో చూసి ఏం చెప్పను, కర్ర చూడాలె అన్నది. వాళ్ళాయన వడ్రంగం, ఆమె పటం, ఉన్నది ఇద్దరే మనుషులు. ఇద్దరూ వచ్చి ఒక్కొక్క కర్రని గోరుతోటి గీకి, తట్టి చూసి, ఇది పనికొస్తది ఇది రాదు అని పక్కన పెట్టిన్రు.

ఈ ఛానెల్‌లనే రెండేండ్ల కింద నేను ఆన్‌లైన్‌ల కొన్న ఒక బెంచీ రివ్యూ చేసిన, పాతోళ్ళకి యాదికి ఉంటది. పార్టికల్ బోర్డు. చూడడానికి మస్తుండె, మొదటి వానకాలం బాల్కనీ తలుపు దగ్గర తడి తగిలి కింద ఉబ్బింది, స్క్రూలు పట్టు వదిలినయ్, స్క్రూ బిగిస్తే పొట్టు రాలుతుండె. దాని తర్వాత ఇది చూస్తుంటే నాకు వేరే లోకం లెక్క ఉన్నది. దీంట్ల స్క్రూలు లెవ్వు, ఒక కర్రకి తొర్ర కొట్టి ఇంకో కర్ర కొస అందుల దిగ్గొట్టిన్రు, నాలుగు నెలల్ల ఒక్కసారి కూడా కిర్రుమనలే. పాత మేకుల బెజ్జాలు పూడ్చమని అడిగితే వాళ్ళాయన ఒద్దు, అవి మగ్గం గుర్తులు, పూడిస్తే కొత్త కర్ర లెక్క అయితది అన్నడు. అప్పుడు నాకు కోపమొచ్చింది, ఇప్పుడు పొద్దున చాయ్ తాగుకుంట ఆ బెజ్జాల మీదనే వేలు పెట్టి కూసుంట.

నచ్చనిది ఏందంటే, వెడల్పు. కూసునే పలక, తాత గుంట అంచు మీద కూసున్న పలకనే, దాని వెడల్పు ఎంత ఉన్నదో బల్ల అంతే వచ్చింది. పెద్దోళ్ళు అరగంట కంటే ఎక్కువ కూసోలేరు, తొడలు లాగుతయ్. ఇంకో పలక అతికిద్దామా అని వాళ్ళు అడిగిన్రు, నేనే ఒద్దన్న. మీరు సోఫా బదులు వాడుకోవడానికి చేయించుకుంటే మాత్రం వెడల్పు ముందే తేల్చుకోండి.

ఇగ పటం. నేను ఈ వీడియో చేసేదే దీని కోసం.

ఇంతకుముందు నా దగ్గర చెర్యాల అని చెప్పి అమ్మిన ఒక ప్రింట్ ఉండె, కాన్వాస్ మీద, ఏడాదిల ఎరుపంతా వెలిసిపోయింది. అసలు పటం చేతిల పట్టుకుంటే ఆ తేడా తెలుస్తది. ఖద్దరు బట్ట మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూస్తరు, ఎండినంక మళ్ళీ పూస్తరు, ఇట్ల మూడుసార్లు. నేను పోయినప్పుడు రెండో పూత నడుస్తుండె, ముట్టుకుంటే చల్లగా, మెత్తగా, తోలు లెక్క ఉండె. అందుకే చుట్టినా పగలదు. పాతకాలంల ఈ పటాలు గజాల పొడుగు ఉండేవి, చుట్టి భుజాన ఏసుకొని ఊరూరు తిరిగి, పైనుంచి కిందికి ఒక్కో బొమ్మ విప్పుకుంట కథ చెప్పెటోళ్ళు. మా పద్మశాలీలకి కూనపులోళ్ళు మార్కండేయ పురాణం చెప్తుండె, ముదిరాజులకి కాకి పడగలోళ్ళు పాండవుల కథ. కథ చెప్పెటోళ్ళే నకాషీల దగ్గరికి, అంటే ఈ పటాలు గీసెటోళ్ళ దగ్గరికి పోయి మాకు ఈ కథ కావాలె అని చెప్పి గీయించుకునేది. అంటే ఈ కళల కస్టమ్ ఆర్డర్ అనేది కొత్తగా ఇన్‌స్టాగ్రామ్‌ల పుట్టింది కాదు, మొదటి నుంచీ అట్లనే నడిచింది.

నేను మాత్రం తప్పు అడిగిన. తాత ఫోటో ఇచ్చి ముఖం అచ్చం ఇట్లనే రావాలె అన్న. అక్క మర్యాదగానే, కానీ ఖచ్చితంగా చెప్పింది, చెర్యాలల ముఖం పోలిక రాదు, దేవుళ్ళకి నీలం, పసుపు, రాక్షసులకి ముదురు రంగు, మనుషులందరికీ గులాబీ, కళ్ళు అందరికీ పెద్దగానే ఉంటయ్ అని. మరి మా తాత అని ఎట్ల తెలుస్తది అక్కా అంటే, తాత చేతిల ఎప్పుడు ఏముంటుండె, గుమ్మం ముంగట ఏం చెట్టు ఉండె, నాయనమ్మ కండెలు ఎటు దిక్కు కూసొని చుట్టేది, ఇంట్ల కుక్కనా పిల్లినా, ఇట్ల గంటసేపు అడిగింది. నేను సగానికి జవాబు చెప్పలేకపోయిన. ఇంటికి పోయి అడిగొచ్చిన. ఆ రాత్రి నాయనమ్మ ఎన్నడూ చెప్పని సంగతులు చెప్పింది, చిన్నప్పుడు కూనపులోళ్ళు వస్తే తెల్లారేదాక నిద్రపోకుండ పటం ముంగట కూసునేదట. నేను అడగకపోతే ఆ మాట మాకు తెలిసేదే కాదు.

పటం ఇట్ల దగ్గరికి తెస్త, చూడండి. కెమెరాకి ఈ ఎరుపు సరిగ్గా పడతలేదు, బయట ఇంకా నిండుగా ఉంటది. వెనక ఎరుపుకి ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం పొడి, గీతల నలుపుకి దీపం మసి, ఈ రెండే పాత పద్ధతి, మిగతావి కొన్న రంగులే అని అక్క మొదటి రోజే చెప్పింది. ఇదిగో జామచెట్టు, ఇదిగో రాట్నం ముంగట నాయనమ్మ. ఇప్పుడు ఆమె చీర అంచు చూడండి, బియ్యపు గింజంత గొల్లభామలు, నెత్తి మీద కుండతో సహా! ఉడుత వెంట్రుకల కుంచెతో ఏసినయ్. నేను అడగలే, తాత ఏం నేసెటోడో విని ఆమె అంతట ఆమె ఏసింది.

కోపమొచ్చిన సంగతి కూడా చెప్త. మధ్యల మూడు వారాలు ఒక్క ఫోటో లేదు, మెసేజ్‌కి జవాబు లేదు, అడ్వాన్స్ ఇచ్చినోళ్ళకి ఆ మూడు వారాలు ఎట్లుంటయో మీకు తెల్వనిది కాదు. వానలకి పూత ఆరలేదని తర్వాత చెప్పింది. ఆ ముక్క అప్పుడే చెప్తే అయిపోవు. ఎనిమిది వారాలు అన్నది పదకొండు అయింది. ఇంకోటి, తడి బట్టతో అస్సలు తుడవొద్దు, పొడి మెత్తటి బట్టే, ఎండ పడే గోడ ఒద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, పెన్సిల్ గీత దశల అక్క ఫోన్‌కి స్కెచ్ పంపితే నేను ఒక్కన్నే చూసి ఓకే అన్న. పటం ఇంటికి వచ్చినంక నాయనమ్మ బల్ల మీద కూసొని చాలాసేపు చూసింది, చెట్టు ముట్టింది, రాట్నం ముట్టింది, తాత దగ్గర ఆగి, మీ తాతది ఎడమచేతి వాటం కదరా, నాడె తాడు కుడిచేతికి ఇచ్చిందేంది అన్నది. నాడె అంటే మగ్గంల అడ్డ నూలుని అటూ ఇటూ తీస్కపోయేది, తాడు లాగితే ఉరుకుతది. ఇంట్ల ఎవ్వరికీ తట్టలే. స్కెచ్ అప్పుడే ఆమెకి చూపిస్తే నిమిషంల అయిపోయే పని. మీరు ఇంట్లోళ్ళ కథ గీయించుకుంటే స్కెచ్ పెద్దోళ్ళకి చూపించినంకనే ఓకే అనండి, దయచేసి.

అక్కకి ఫోన్ చేసి చెప్పిన, గీసినంక మార్చుడు కష్టమని తెలుసు, పోనీ అట్లనే ఉండనియ్యి అక్కా అన్న. ఆమె ఒప్పుకోలే, బస్సుల వచ్చి పటం తీస్కపోయి, ఆ చెయ్యి మీద మళ్ళీ సుద్ద పూసి, ఎండబెట్టి, ఎడమచేతికి తాడు ఇచ్చి పది రోజులకి తెచ్చింది. పైస తీసుకోలే. మీరు పక్క నుంచి చూస్తే ఆ భుజం దగ్గర పూత కొంచెం మందంగా కనిపిస్తది, ఇగో, ఇక్కడ. నాయనమ్మ పొద్దున పూట బల్ల మీద కూసున్నప్పుడు ఆ భుజానికే వీపు ఆనించి కూసుంటది.